ఒతీలియా బొటనవేలు

కొయ్యకోట గుమ్మం దగ్గర బల్ల వేసుక్కూర్చున్న ఒతీలియాని దాటి లోపలికి వెళ్ళడం కంటే నిజం వైకింగులతో తలపడి చావడమే నయమని ఆ ఉత్సవానికి వచ్చేవాళ్ళంతా అనుకునేవాళ్ళు. ఏటా జూలైలో, బాల్టిక్ సముద్రంలో కలవబోయే ముందు నది బద్ధకంగా ఒళ్ళు విరుచుకునే చోట, కోట ముందున్న పచ్చికలో జరుగుతుంది ఆ తంతు. బ్యాంకు గుమాస్తాలూ, పళ్ళ డాక్టర్లూ, ట్రాము డ్రైవర్లూ గడ్డాలు పెంచి, ఉన్ని చొక్కాలు తగిలించుకుని, డాళ్ళు పట్టి ఉత్తుత్తి యుద్ధాలు చేస్తూ, తాము వెయ్యేళ్ళ కిందటి సముద్రపు దొంగలమని తమని తాము నమ్మించుకుంటారు. నమ్మించుకోనీ, మన సొమ్మేం పోయింది. కానీ వాళ్ళు ఒతీలియాని కూడా నమ్మించాలి. అక్కడొచ్చేది చిక్కు.

ఆవిడ పని తనిఖీ. మైదానంలోకి దిగే ప్రతి చెప్పూ, ప్రతి బెల్టూ, ప్రతి డాలూ ఆవిడ ముందు నుంచి పోవాల్సిందే. మిషన్ కుట్టు కనిపిస్తే ఒక ఈసడింపు చూపు చూసేది. కళ్ళజోడు తియ్యడం మర్చిపోయి వచ్చిన మనిషిని "సినిమాహాలు అటువైపండీ" అని సాగనంపేది. ఇవన్నీ కళ్ళతో తేల్చేసే పనులు. డాలు దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఆవిడ బొటనవేలు రంగంలోకి దిగేది. డాలు వెనక పిడికిలి పట్టుకునే చోటికి సరిగ్గా ముందువైపు, చేతి మీద దెబ్బ పడకుండా, గిన్నె బోర్లించినట్టు ఒక ఉక్కు బొడిపె ఉంటుంది. ఆవిడ కళ్ళు మూసుకుని దాని మీద బొటనవేలు చుట్టూ తిప్పేది. సుత్తి దెబ్బల గుంటలు వేలికి తగిలాయా, అది చేతిపని. నున్నగా జారిందా, యంత్రం మీద రేకుని గిర్రున తిప్పి తీసిన ఫ్యాక్టరీ సరుకు. చేత్తో చేసిన బొడిపె లేని డాలు మైదానంలోకి పోకూడదని ఆ ఉత్సవానికి ఒక రూలుంది. ఆ రూలు రాయించింది కూడా ఒతీలియానే.

"దీంట్లో పులుసు పోసుకు తాగండి," అని డాలు వెనక్కి తోసి, తల ఎత్తకుండానే, "తర్వాత," అనేది. అంతే. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషి ముఖం మాడ్చుకుని పక్కకి తప్పుకునేవాడు.

ఉత్సవంలోనే కాదు, బయట కూడా ఆవిడ తీరు అంతే. పట్నంలో ఆవిడ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళిళ్ళు చేయిస్తుంది. సంతకాలు పెట్టే జంటని చూసి వీళ్ళెన్నాళ్ళు కలిసుంటారో ముఖం మీదే చెప్పగలదు, చెప్పేస్తుంది కూడా. పక్కింటివాళ్ళ కర్టెన్లు, చర్చిలో ఫాదరు ప్రసంగం, సొంత చెల్లెలు బంగాళాదుంప కూరి కజ్జికాయల్లా మడిచే పిరోగులు, మేయరుగారి బూట్లు, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి చేతులు తిప్పే తీరు, ఏదీ ఆవిడకి ఆనదు. మూతి విరవని వస్తువంటూ ఆవిడకి ఈ లోకంలో ఒకటే ఉండేది. అది మొగుడి చేతులు.

మొగుడి పేరు వాలెంతీ. ఇళ్ళకి తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం. మనిషిగా వాలెంతీ అంటే కూడా ఆవిడకి పెద్ద గౌరవమేం లేదు. నడక బాతు నడక అంటుంది, గురక పెడితే గోడవైపు తిరగమంటుంది. కానీ ఆ చేతుల మాటొస్తే గొంతు మారిపోతుంది. "మా ఆయన చేతులు చూడండి," అని పదిమందిలో పట్టుకుని చూపించేది, "మన కాలంలో ఇలాంటివి పుట్టడం మానేశాయి." బూడిదకొంగల దళం అని వాళ్ళదో గుంపుంది. ఆ దళంలో ఉన్న ప్రతి డాలు మీదా ఉన్న బొడిపె వాలెంతీ కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి చేసిందేనని అందరికీ తెలుసు.

అందరికీ తెలిసిన ఆ సంగతి పచ్చి అబద్ధమని వాలెంతీకి ఒక్కడికే తెలుసు.

అది మొదలైంది పెళ్ళైన కొత్తలో. వాలెంతీ ఉత్సాహంగా ఒక డాలు కట్టి, దాని మధ్యలో కొన్న బొడిపె బిగించుకుని వచ్చాడు. ఒతీలియా నలుగురి ముందూ దాన్ని వేలితో టంగుమని మోగించి, తాను పెళ్ళాడింది మగాణ్ణా బజారు సంచినా అని అడిగింది. నలుగురూ నవ్వారు. తలకొట్టేసినట్టయి, ఇంకోటి నేనే చేస్తానన్నాడు. ఊరి చివర పినతండ్రి కొడుకు షెడ్డులో కొలిమి పెట్టాడు. ఒక రేకు తగలేశాడు, ఒక కనుబొమ్మ కాల్చుకున్నాడు, అంతటితో ఆ విద్య ముగిసింది. తర్వాత ఫ్యాక్టరీ నుంచి ఇంకో బొడిపె తెప్పించి, మొద్దు మీద బోర్లించి, రేడియోలో ఫుట్‌బాల్ ఆట వింటూ గుండు సుత్తితో దాని ఒళ్ళంతా చిన్న చిన్న దెబ్బలు వేశాడు. అవిసె నూనె రాసి మంటలో నల్లబరిచాడు. లోపలి యంత్రపు గీతలు కనబడకుండా, చేతికి మెత్తగా ఉంటుందని చెప్పి ఉన్నిగుడ్డ అతికించాడు.

ఒతీలియా దాని మీద వేలు తిప్పింది. అప్పటికి ఆవిడకి బొడిపెల గురించి ఓనమాలు రావు. ఆ వేలికి అక్షరాభ్యాసం జరిగింది ఆ గుంటల మీదే. అలా తిప్పుతూ తిప్పుతూ కళ్ళు మూసుకుంది. తర్వాత వాలెంతీ కుడిచెయ్యి పట్టుకుని చెంపకి ఆనించుకుంది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఆవిడ అలాంటి పని చేసినట్టు ఎవరూ చూడలేదు. ఆ చెంప వెచ్చదనం కోసమే పదిహేడేళ్ళుగా వాలెంతీ అబద్ధాలు సరఫరా చేస్తూ వచ్చాడు. పార్సిళ్ళు షెడ్డుకే వచ్చేవి. పని చేస్తుంటే ఎవరూ చూడకూడదు, చూస్తే ఇనుము పగులుతుంది, అది మా తాతల నాటి ఆచారమని ఒక కథ అల్లాడు. వాళ్ళ తాత పాల వ్యాపారి. ఫాదరు ప్రసంగాన్ని నమ్మని ఒతీలియా ఈ కథని మాత్రం నమ్మింది.

దీనివల్ల ఎవరికీ నష్టం లేదని వాలెంతీ సర్దుకునేవాడు. ఒకసారి హీరోనిమ్ అని ఒక ముసలి కమ్మరి తను చేసిన డాలుతో ఆ గుమ్మం దగ్గరికి వచ్చాడు. అతను బొడిపె కొట్టడం వాలెంతీ అంతకుముందే వేరే ఊళ్ళో కళ్ళారా చూశాడు. సుత్తి గుంట ఒక్కటి కూడా మిగలకుండా, గుడ్డు పెంకులా నునుపు తేలేదాకా కొట్టి కొట్టి వదిలాడు. పాత సమాధుల్లో దొరికినవి కూడా అలాగే ఉంటాయని, గుంటలు మిగల్చడం నేర్చుకునేవాళ్ళ లక్షణమని అక్కడ చెప్పాడు కూడా. ఒతీలియా వేలు ఆ బొడిపె మీద జారింది. పులుసు పోసుకు తాగమంది. ముసలాయన గుమ్మం దద్దరిల్లేలా తిట్టాడు, ఆ వేలు కోసి కుక్కకెయ్యమన్నాడు, డాలు నదిలో విసిరేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. వాలెంతీ పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ నిలబడి, నోట్లోంచి ఒక్క ముక్క రానివ్వలేదు. ఆ వారం అతనికి అన్నం సయించలేదు. తర్వాత సయించింది.

ఈ ఏడు దక్షిణాన బొగ్గుగనుల ఊళ్ళనుంచి ఎలిగియుష్ అనేవాడు పదిమందిని వెంటేసుకుని దిగాడు. ఫ్రిజ్జులు అమ్ముకునే మనిషి, లావుపాటి మెడ, తొణకని రకం. పదకొండు డాళ్ళు బల్ల ముందు వరసగా పేర్చారు. పదకొండు బొడిపెలూ అద్దంలా మెరుస్తున్నాయి. ఒతీలియా వేలు కూడా పెట్టలేదు.

"ఎక్కడ దొరికాయి ఇవి? పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే కొట్లోనా?"

"కొన్నామమ్మా. ఫ్యాక్టరీవే, దాచేదేముంది," అన్నాడు ఎలిగియుష్. "మందపాటి ఉక్కు. గొడ్డలి దెబ్బ పడ్డా వేలు చితకదు. మావాళ్ళు సోమవారం మళ్ళీ పనుల్లోకి వెళ్ళాలి కదా."

వేళ్ళ మీద అంత బెంగ ఉంటే స్వెట్టర్లు అల్లుకోమని ఒతీలియా సలహా ఇచ్చి, "తర్వాత," అంది. తర్వాత రావాల్సినవాడు ముందుకి రాలేకపోయాడు, ఎలిగియుష్ కదలలేదు కాబట్టి. అతను ఒతీలియా కుర్చీకి ఆనించి ఉన్న ఆవిడ సొంత డాలుని వంగి చాలాసేపు చూశాడు. చూసి నిటారుగా నిలబడి, మీ దళం వాళ్ళవి చేతిపనేనని ఎవరు చూశారని నింపాదిగా అడిగాడు. వరసలో ఉన్నవాళ్ళు చెవులు రిక్కించారు. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం దగ్గర ఎవరూ అడగని ప్రశ్న అది.

ఒతీలియా లేచి నిలబడింది. ఆవిడ లేవడం కూడా అరుదే.

"మా ఆయన చేస్తాడు. రేపు యుద్ధానికి ముందు, ఇదే పచ్చికలో, నీ కళ్ళెదురుగా. రేకు నువ్వే తెచ్చుకో, మళ్ళీ అనుమానం లేకుండా. ఆయన చెయ్యలేకపోతే మీ పదకొండు మందీ ఆడండి. చేస్తే మాత్రం ఈ బొచ్చెలు మెళ్ళో కట్టుకుని మైదానం చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి మీ ఊరు పోవాలి."

వెనక గుడారంలో పులుసుకి మంట రాజేస్తున్న వాలెంతీకి పైప్రాణాలు పైనే పోయాయి. మా తాతల నాటి ఆచారం అని గొణిగాడు. ఈ ఒక్కసారికి తాతలు క్షమిస్తారులే అంది ఒతీలియా, వెనక్కి తిరగకుండానే.

మధ్యాహ్నం ఎండ వాలాక వాలెంతీ దక్షిణాదివాళ్ళ గుడారాల వైపు నడిచాడు. వాళ్ళు గ్యాసు పొయ్యి మీద సాసేజీలు వేయించుకుంటున్నారు. ఒతీలియా చూస్తే గుండె ఆగి చచ్చేది. ఎలిగియుష్ అతన్ని చూసి లేవలేదు, ఒక సాసేజీ మాత్రం అతని వైపు జరిపాడు.

"రండి గురువుగారూ. మీకోసమే చూస్తున్నా."

ఎలిగియుష్ పక్కనున్న డాలు ఒళ్ళోకి తీసుకుని, బొడిపె అంచు మీద వేలు పెట్టి చూపించాడు. డాలు చెక్కకి బిగించడానికి ఆ అంచుకి అయిదు బెజ్జాలున్నాయి. నాలుగు మధ్యలో ఉన్నాయి, ఒకటి మాత్రం కొంచెం బయటికి తప్పి ఉంది. ఆ ఫ్యాక్టరీవాడి అచ్చు వంకర, ఎన్నిసార్లు ఉత్తరం రాసినా బాగుచెయ్యడు, మీరూ రాశారా అని అడిగాడు. పదకొండింటికీ అదే వంకర. మేడమ్ డాలుకీ అదే వంకర.

వాలెంతీ పందెం వదిలేయమని బతిమాలాడు. తన పెళ్ళాం సంగతి మీకు తెలియదన్నాడు. ఆవిడకి తన చేతులంటే, అని మొదలుపెట్టి ఎలా ముగించాలో తెలియక ఆపేశాడు.

ఎలిగియుష్ సాసేజీ తిని, వేళ్ళు పచ్చికకి తుడుచుకున్నాడు. "నేను నోరు విప్పను. నాకెందుకు మీ కాపురం గొడవ. పొద్దుగూకేలోపు మీరే ఆవిడకి చెప్పుకోండి, మమ్మల్ని లోపలికి పంపండి, కొలిమి లేదు గిలిమి లేదు. చెప్పలేరా, సుత్తి పట్టుకోండి. బస్సులో నడుములు పడిపోయి వచ్చాం, మాకూ కాస్త వినోదం కావాలి."

"మీకు జాలి లేదా?" అన్నాడు వాలెంతీ.

"మా ఆవిడకి నేనూ అబద్ధాలు చెప్తాను. అందరం చెప్తాం. కానీ నా అబద్ధం కోసం ఇంకొకణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి సిగ్గు తీయించలేదు." సాసేజీ పళ్ళెం మళ్ళీ దగ్గరకి లాక్కున్నాడు. "పోండి, ఆవిడ చూస్తుంటుంది."

తిరిగి వచ్చేటప్పుడు వాలెంతీ నిజంగానే చెప్పేయాలనుకున్నాడు. అనుకుంటూ ఉండగా గుడారపు తాడుకి కాలు తగిలి బోర్లాపడ్డాడు. ఎడంచెయ్యి నేలకి ఆనింది. లేచేసరికి అతని పిరికి బుర్రలో ఒక మెరుపు మెరిసింది. నిజం చెప్పే బదులు, మణికట్టు బెణికిందని చెప్పాడు.

ఒతీలియా పులియబెట్టిన రై ధాన్యపు పిండి పులుసు కలుపుతోంది. గరిటె వదిలేసి వచ్చి, అతన్ని కూర్చోబెట్టి, బాతు కొవ్వు రాసి, నార గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది. ఆవిడ అంత మెత్తగా ఏదీ పట్టుకోదు. గుడ్డ చుడుతూ చుడుతూ, అదృష్టం బాగుంది, ఎడంచెయ్యే కదా అంది. సుత్తి కుడిచేత్తోనేగా. పటకారు నేను పట్టుకుంటాలే, నేను చూస్తే ఇనుము పగలదు, నేను పరాయిదాన్ని కాదుగా అంది. వాలెంతీ తన ఎడంచేతిని చూసి తనే పళ్ళు నూరుకున్నాడు. పడితే పడ్డాడు, కుడివైపు పడొచ్చుగా వెధవ.

"ఒతీలా, నేనొకటి చెప్పాలి," అన్నాడు.

"భయపడుతున్నావు. ఆ ఫ్రిజ్జులవాణ్ణి చూసి భయపడుతున్నావు కదూ?" ఆవిడ ముడి బిగించింది. "నాకసలు భయం లేదు. ఎందుకో తెలుసా? పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నేను చూసేదంతా నకిలీయే. ఆఫీసులో నకిలీ, వీధిలో నకిలీ, ఈ మైదానంలో అయితే చెప్పనే అక్కర్లేదు. చూసి చూసి నా కళ్ళు మండిపోతాయి. ఇంటికొచ్చి నీ చేతులు చూసుకుంటా. అప్పుడు చల్లబడతాయి. ఇంతకీ ఏమిటి చెప్పాలన్నావు?"

వాలెంతీ పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పాడు.

మర్నాడు ఎండ చిటపటలాడుతుండగా పచ్చిక మధ్యలో కొలిమి వెలిగింది. గుంట తొలిచిన మొద్దు ఒకటి పాతారు. దాని మీద ఎర్రగా కాలిన రేకు పెట్టి, సుత్తితో గుంటలోకి దింపుతూ గిన్నె తియ్యాలన్నమాట. తిత్తి ఊదడానికి కొంగల దళంలోంచి ఒకడు కూర్చున్నాడు. చూడ్డానికి మైదానమంతా వచ్చింది. నిజం దొంగలు ఓడ దిగినా అంత జనం పోగవరు. ఎలిగియుష్ గుండ్రంగా కోసిన రేకు ఒకటి తెచ్చి, ఒక్క మాట కూడా అనకుండా, మొద్దు పక్కన పెట్టి వెనక్కి తగ్గాడు. ఒతీలియా నెత్తికి గుడ్డ బిగించుకుని పటకారుతో నిలబడింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు వాలెంతీ తన చెయ్యి చెంపకి ఆనించుకున్న ఆ రోజు తర్వాత మళ్ళీ చూడలేదు.

రేకు ఎర్రబడింది. వాలెంతీ సుత్తి ఎత్తాడు. బలం కొద్దీ సరిగ్గా నడిమధ్యన ఒక్కటిచ్చాడు. రేకు గుంటలోకి దిగలేదు, అంచులు పైకి లేచి పిరోగు మడతలా ముడుచుకుపోయాయి. ఎవడో కిసుక్కుమన్నాడు.

"బొగ్గు తడిసింది," అంది ఒతీలియా గట్టిగా. "ఇలాంటి బొగ్గు ఇస్తే ఎవడు మాత్రం ఏం చేస్తాడు."

మళ్ళీ కాల్చారు. వాలెంతీ ఈసారి అంచు మీద కొట్టాడు. మడత విప్పుకోబోయి ఇంకోవైపు ముడుచుకుంది. తిత్తి ఊదేవాడికి పొద్దున్న ఎవరూ తిండి పెట్టలేదా అని ఒతీలియా విసుక్కుంది. వాడు బిక్కమొహం వేసి ఇంకా గట్టిగా ఊదాడు. మూడోసారి మొద్దుని తిట్టింది. మొద్దు తొలిచినవాడిని తిట్టింది. రేకు తెచ్చిన ఎలిగియుష్‌ని ఎగాదిగా చూసి, ఫ్రిజ్జు తలుపు పీక్కొచ్చాడు కాబోలు అంది. జనం ఆవిడ మాటకి నవ్వారు, కానీ చూపు ఆవిడ మీద లేదు. వాలెంతీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆవిడ తిట్లలో ఒక్కటి కూడా తనవైపు రావడం లేదు. తన చుట్టూ ఉన్న ప్రతి దాన్నీ తిట్టి తిట్టి, తనొక్కణ్ణే పువ్వులా పక్కన పెడుతోంది. అది చూస్తుంటే అతనికి అక్కడికక్కడే నేల చీలి అందులో పడిపోవాలనిపించింది.

చెయ్యి ఆపితే ఏడుపొస్తుందని తెలుసు. ఆపకుండా కొట్టాలి. ఏం కొట్టాలో తెలియక, భయంతో, ఆ చెయ్యి తనకి అలవాటైన ఒకే ఒక్క పని మొదలుపెట్టింది. చిన్న చిన్న దెబ్బలు. టకటక టకటక. ఒకచోట కాదు, రేకు ఒళ్ళంతా చల్లినట్టు, దగ్గర దగ్గరగా, వరస లేకుండా. రేడియో ఒకటి లేదు గానీ అచ్చం షెడ్డులో కొట్టినట్టే. రేకు చల్లారిపోయింది కూడా. అతను కొడుతూనే ఉన్నాడు.

ఒతీలియా తిట్టడం ఆగిపోయింది.

ఆవిడ పటకారు కింద పెట్టింది. వంగి, గోరువెచ్చగా ఉన్న రేకు మీద బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని, చుట్టూ తిప్పింది. అన్నీ ఉన్నాయి. ఆవిడకి కంఠతా వచ్చిన ప్రతి గుంటా అక్కడ ఉంది. అదే లోతు, అదే ఎడం. ఉన్నదల్లా గుంటలే. కింద గిన్నె లేదు. వంకర తిరిగిన పలక మీద, ఆవిడ ఇన్నేళ్ళుగా చేతిపని అనుకున్న సంతకమంతా ఉత్తినే పరుచుకుని ఉంది.

కళ్ళు తెరిచాక ఆవిడ వాలెంతీ ముఖం చూడలేదు. చేతుల వైపు చూసింది. చూసి, చాలు అంది.

ఎలిగియుష్ మనుషుల్లో ఒకడు చప్పట్లు కొట్టబోతే ఎలిగియుష్ వాడి మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఒతీలియా నెత్తిన కట్టిన గుడ్డ విప్పి మడిచి, గుమ్మం దగ్గర బల్ల వెనక కూర్చుంది. దక్షిణాదివాళ్ళని పిలిచి లోపలికి పొమ్మంది. ఎవరి డాలు మీదా వేలు పెట్టలేదు. వాళ్ళు పోయాక కొంగల దళం వరస కట్టింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కొంగలు ఆడవు అంది.

తిత్తి ఊదినవాడికి మండిపోయింది. పొద్దుట్నుంచీ రెక్కలు విరగ్గొట్టుకున్నది వాడే మరి. వాళ్ళవీ కొన్నవే, మావీ కొన్నవేనని ఇప్పుడే తెలిసింది, మరి వాళ్ళు ఆడితే మేమెందుకు ఆడకూడదని నిలదీశాడు.

"వాళ్ళు కొన్నామని చెప్పారు," అంది ఒతీలియా. "తర్వాత."

తర్వాత ఎవరూ లేరు. ఆవిడ బల్ల మడిచేసింది.

గుడారంలోకి వాలెంతీ కొంచెం సేపటికి వచ్చాడు. బయట మైదానంలో డాళ్ళు డాళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు మొదలైంది. ఒతీలియా బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంది. ఆవిడ అరుస్తుందనుకున్నాడు. కుండలు పగలగొడుతుందనుకున్నాడు. పదిహేడేళ్ళుగా ఆ అరుపు ఎలా ఉంటుందో ఊహించుకుని ఊహించుకుని దాదాపు అలవాటు చేసుకున్నాడు. ఆవిడ అరవలేదు. అదే అతనికి భరించరానిదైంది.

"ఆ ముసలాయన," అంది ఆవిడ. "హీరోనిమ్. నదిలో పారేసి పోయాడు చూడు. అది చేతిపనేనా?"

"చేతిపనే."

"నీకు అప్పుడే తెలుసా?"

వాలెంతీ ఈసారి ఉప్పు సంగతి ఎత్తలేదు. "తెలుసు," అన్నాడు.

ఆవిడ తల ఊపింది. ఆ ముసలాయన తర్వాత ఇంకెంతమంది అని అడగబోయి ఆగింది. అడిగితే ఇద్దరూ కూర్చుని జ్ఞాపకం చేసుకోవాలి. ఆవిడ తన బొటనవేలుని, ఎక్కడో దారిలో దొరికిన వస్తువులా, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"తిట్టు ఒతీలా," అన్నాడు వాలెంతీ. "ఏదైనా అను."

"నాకు అందర్నీ అనడమే పని. అది సుఖం అనుకుంటున్నావా? నోరు నొప్పెడుతుంది. ఒక్క నీ చేతుల దగ్గరే నా నోటికి సెలవు దొరికేది." ఆవిడ గొంతు పెరగలేదు. "ఆ ఒక్క చోటూ లేకుండా చేశావు. కొన్నానని నువ్వు ఆ రోజే చెబితే ఏం చేసేదాన్ని? ఒక వారం ఎగతాళి చేసేదాన్ని. ఒక్క వారం ఓర్చుకోలేకపోయావు."

వాలెంతీకి ఆవిడ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది. రొట్టె తీసి, గుండెకి ఆనించుకుని, ఆవిడకి ఇష్టమైనట్టు పల్చగా కోయడానికి కత్తి పెట్టాడు. ముక్క ఒకవైపు మందంగా, ఇంకోవైపు చిరిగి ఊడి వచ్చింది. దాన్ని ఆవిడ ముందు పెట్టాడు.

ఒతీలియా ఆ ముక్కని చూసింది. గుమ్మం దగ్గర పరాయివాళ్ళ డాళ్ళని చూసే చూపే.

"రొట్టె కోయడం కూడా చేతకాని చేతులు," అంది, ముక్కని పక్కకి తోసేసి.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ చేతుల్ని ఒక మాట అనడం అదే మొదలు. వాలెంతీ కత్తి కింద పెట్టి, రెండు చేతులూ బల్ల కింద దాచుకున్నాడు.